యాభైలో నాలుగు

ఇంట్లో ఆమెను అందరూ లెక్కలక్క అనేవాళ్ళు. ఆ పేరు తమ్ముడు పెట్టింది. చిన్నప్పుడు వాడు ఏది అడిగినా, చివరికి "అక్కా, ఆకలేస్తోంది, అన్నం ఎప్పుడు?" అన్నా, "ఆగు, లెక్కేసి చెప్తా" అనేది. నలభై మూడేళ్ళొచ్చినా ఆ అలవాటు పోకపోగా అదే ఉద్యోగమై కూర్చుంది. వాతావరణ కార్యాలయం మూడో అంతస్తులో, కిటికీకి వీపు పెట్టి కూర్చునే కుర్చీ ఆమెది. ఆకాశం గురించి రోజంతా పనిచేసేవాళ్ళలో ఆకాశం వైపు తిరిగి కూర్చున్నవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు.

ఆమె పని గాలిని లెక్కగా మార్చడం. నేల మీది గాలినంతా గళ్ళుగా కోస్తారు. ఒక్కో గడి నాలుగు కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఏ గడిలో ఎంత వేడుంది, ఎంత తేమ ఉంది, గాలి ఎటు తోస్తోంది అన్నవి రాసుకుని, భౌతికశాస్త్రం సూత్రాల ప్రకారం ఒక గడి పక్క గడిని ఎలా కదిలిస్తుందో కంప్యూటరు చేత లెక్క కట్టిస్తారు. అలా గంటలు గంటలు ముందుకు పోతే రేపు కనబడుతుంది. కాకపోతే ఇవాళ్టి గాలే మనకు పూర్తిగా తెలీదు కదా. అందుకని మొదటి అంకెల్ని పిసరంత అటూ ఇటూ మార్చి, అదే లెక్కను యాభైసార్లు చేయిస్తారు. యాభైలో నలభై వాన అంటే వాన ఖాయం అనుకోవచ్చు. యాభైలో రెండు అంటే గొడుగు ఇంట్లో పెట్టి పోవచ్చు.

"మా అక్క మబ్బుల్ని యాభైసార్లు పుట్టించి చూస్తుంది" అని తమ్ముడు తన దగ్గరికి మొక్కలు కొనడానికొచ్చేవాళ్ళకి చెప్పి మురిసిపోయేవాడు.

తమ్ముడికి ఊరి అంచున పెద్ద రోడ్డు పక్కన మొక్కల నర్సరీ ఉంది. అయిదుగురు పనివాళ్ళు, వరసలు వరసలుగా ట్రేలు, నీళ్ళ పైపులు, వాటన్నిటి మధ్య ఒక అద్దాల షెడ్డు. ఎక్కడో మూతబడ్డ వ్యవసాయ పరిశోధనశాల నుంచి ఆ షెడ్డును విప్పించి, ఒక్కో అద్దానికీ నంబరు వేయించి తెచ్చి, మళ్ళీ ఇక్కడ నిలబెట్టుకున్నాడు. నర్సరీకి పేరు తెచ్చింది మాత్రం షెడ్డు కాదు, వాడి భార్య చెయ్యి. గులాబీలకి అంటు కట్టడంలో మరదలికి చుట్టుపక్కల సాటి లేదు. ముళ్ళకొమ్మ బెరడు మీద చిన్న గాటు పెట్టి, మేలురకం కొమ్మ నుంచి తీసిన చిగురు కన్నును అందులో దూర్చి పట్టీ చుట్టడం చూడ్డానికి తేలికే. వందకి అరవై బతికితే బాగా కట్టినట్టు. ఆమె కడితే తొంభై అయిదు బతికేవి. గంటకి ఎనభై కట్టేది. కడుతూనే ఫోనులో వాళ్ళమ్మతో పోట్లాడేది కూడా.

ఈ నర్సరీలోకి లెక్కలు ఎలా దూరాయంటే, పెట్టిన మొదటి రెండేళ్ళూ తమ్ముడు సగం మొక్కల్ని పారబోసుకున్నాడు. కొనేవాళ్ళు రాకముందే కొన్ని పూసి వాడిపోయేవి, వచ్చి అడిగినప్పుడు కొన్ని మొగ్గ కూడా వేసేవి కావు. లెక్కలక్క ఒక ఆదివారం వచ్చి, గోడకి థర్మామీటరు తగిలించి, రోజూ వేడిని రాయమంది. ఒక్కో మొక్క పూయాలంటే మొత్తం ఎంత వేడి తినాలో తేల్చింది. దాన్నిబట్టి ఏ వారం ఏది నాటాలో పట్టిక వేసిచ్చింది. ఆ ఏడాది పారబోసినవి పదో వంతుకి దిగాయి. తరువాత అద్దాల షెడ్డు చలికాలంలో రాత్రికి ఎంత చల్లబడుతుందో కాగితం మీద కట్టి చూపించింది. తెల్లారి థర్మామీటరు చూస్తే తేడా అర డిగ్రీ. తమ్ముడు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి గోడకి అంటించాడు.

"దేవుడి పటంలా పెట్టావేంట్రా?" అంది ఆమె.

"దేవుడు ఎప్పుడూ అర డిగ్రీ తేడాతో చెప్పలేదే" అన్నాడు వాడు.

ఆ నమ్మకం మీదే మరుసటి ఏడాది పెద్ద పని ఒప్పుకున్నాడు. కొత్తగా కడుతున్న ఒక పార్కుకి రెండువేల అంటు గులాబీలు. మరదలు ఆరు వారాలు కూర్చుని కట్టింది. అన్నీ అద్దాల షెడ్డులోనే పెరుగుతున్నాయి. లారీ బుధవారం పొద్దున రావాలి.

మంగళవారం ఏడున్నరకి, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరకముందే, లెక్కలక్క కొత్త ఫలితాలు తెరిచింది. యాభైలో నలభై ఆరు లెక్కల్లో మామూలు ఎండ, సాయంత్రానికి నాలుగు మబ్బులు. మిగతా నాలుగింటిలో మధ్యాహ్నం మూడు దాటాక పడమటి కొండల నుంచి ఒక తుఫాను వరస బయలుదేరి, వడగళ్ళతో ఊరి మీదుగా దాటుతోంది. అందులో రెండిటిలో అది సరిగ్గా తమ్ముడి నర్సరీ ఉన్న గడి మీదుగానే, మిగతా రెండిటిలో దాని పక్క గడి మీదుగా పోతోంది.

వంద రోజుల్లో ఎనిమిది రోజుల పాటి అవకాశం. ఇరవై దాటితే గానీ కార్యాలయం హెచ్చరిక ఇవ్వదు. ఇంత తక్కువకే ఇస్తే మూడురోజులకొకసారి ఇవ్వాలి, అప్పుడు ఎవరూ వినరు. ఆ నియమం రాసిన ముగ్గురిలో తనూ ఒకతె. అయినా ఫోను తీసింది.

"ఒరేయ్, ఇవాళ మధ్యాహ్నం వడగళ్ళు పడొచ్చు."

"పడొచ్చా, పడతాయా?"

"యాభైలో నాలుగు."

అటునుంచి నీళ్ళ పైపు చప్పుడు ఆగింది. కట్టేసినట్టున్నాడు. "అంటే ఏం చెయ్యమంటావక్కా?"

"అంటు మొక్కల్ని మీ ఇటుక గోడల గోదాములోకి మార్చాలంటే ఎంతసేపు?"

"అయిదుగురం కలిసి మోస్తే అయిదారు గంటలు. కానీ అంటుముడి ఇంకా పచ్చిగా ఉంది. ఇవాళొకసారి దించి, రేపు మళ్ళీ లారీలోకి ఎత్తితే అయిదింట ఒకటి ఊడుతుంది. పోయిన నెల చూశాంగా."

"పైకప్పు మీద వల?"

"వెలుతురు చాలడం లేదని విప్పేశాం. మళ్ళీ కట్టాలంటే ఇద్దరు మనుషులు నిచ్చెనల మీద ఒక రోజంతా."

ఆమె పెన్సిలు తీసింది. లెక్క చిన్నది. ఏ వ్యాపారానికైనా ఇదే లెక్క. కాపాడుకోవడానికి అయ్యే నష్టం ఒకవైపు, కాపాడుకోకపోతే పోయేది ఒకవైపు. కదిపితే అయిదో వంతు పోవడం ఖాయం. కదపకుండా వడగళ్ళు పడితే మొత్తం పోతాయి. కాబట్టి ముప్పు వందకి ఇరవై దాటితే కదపాలి, తక్కువైతే ఉన్నచోటే ఉంచాలి. ఎనిమిది ఇరవై కంటే తక్కువ. చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

"కదపకు" అంది.

"లెక్క ప్రకారమా? నీకేమనిపిస్తోంది అని అడుగుతున్నా."

"లెక్క ఏమంటే నేనూ అదేరా. నాకు వేరే అనిపించడం అంటూ ఏముంది?"

"సరే మరి" అన్నాడు. నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఒంటిగంటకి కొత్త లెక్క వచ్చింది. కొండల మీద తేమ పొద్దున అనుకున్నదానికన్నా ఎక్కువుందని తేలింది. ఇప్పుడు యాభైలో పదకొండు. అంటే వందకి ఇరవై రెండు. పొద్దున ఇదే అంకె ఉండుంటే "కదుపు" అని ఉండేది. ఇప్పుడు కదపడం మొదలుపెట్టినా మూడింటికి సగం కూడా కాదు, సగం మొక్కలు తలుపు దగ్గర ట్రేలలో ఆరుబయట ఉంటాయి. అయినా ఫోను చేసింది. వాడు ఎత్తలేదు. పైపుల మనిషితో బావి దగ్గరున్నాడని తరువాత తెలిసింది. మరదలికి చేస్తే ఆమె ఎప్పటిలాగే వేరే ఫోనులో ఉంది. పరిశీలనలన్నీ ముగిశాక రెండు ముప్పావుకి కార్యాలయం హెచ్చరిక పంపింది. దాని కింద సంతకం ఆమెదే.

మూడుంబావుకి రాడారు తెర మీద కొండల దగ్గర ఒక ఎర్రచుక్క లేచింది. చూస్తూండగానే అది వరసగా సాగింది, నడుమ ఊదారంగు ముద్ద కట్టింది. ఆ రంగంటే వడగళ్ళు. తెర అయిదు నిమిషాలకొకసారి మారుతుంది. ఒక్కో మార్పుకీ ముద్ద రెండు గళ్ళు తూర్పుకి జరుగుతోంది. పెద్ద రోడ్డు, రైలు వంతెన, ఇటుకల బట్టీ, అన్నీ ఆమెకి గీతల్లోనే కంఠతా వచ్చు. తన చేతిలో దేశపు గాలినంతా లెక్కగట్టే కంప్యూటరు ఉంది, ఎదురుగా ముగ్గురు ఇంజనీర్లున్నారు, గోడ మీద అయిదు తెరలున్నాయి. ఆ ముద్దను ఒక్క వీధి అటు తోసేందుకు మాత్రం ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఫోను మోగుతూనే ఉంది, అటు ఎవరూ ఎత్తడం లేదు. మూడూ నలభైకి ఊదారంగు నర్సరీ గడిని కప్పేసింది. మూడూ నలభై అయిదుకీ అక్కడే ఉంది. మూడూ యాభైకి దాటిపోయింది. పది నిమిషాలు. ఆమె లేచి నిలబడి ఉందన్న సంగతి పక్కసీటు అతను కుర్చీ జరిపినప్పుడు గానీ ఆమెకి తెలీలేదు.

నాలుగున్నరకి తమ్ముడే చేశాడు. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. "అక్కా, ఆసుపత్రికి రా."

ఆసుపత్రి వరండాలో వాడు బెంచీ మీద కూర్చునున్నాడు. చొక్కా మోచేతుల దాకా ఎర్రగా ఉంది. ఆ రక్తం వాడిది కాదు.

జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొదట గోళీలంత పడ్డాయి. కప్పు తట్టుకుంది. తరువాత నిమ్మకాయలంతవి పడ్డాయి. మొదటి అద్దం పగిలిన చప్పుడుకి అందరూ గోదాములోకి పరిగెత్తారు. తలలు లెక్కపెట్టుకుంటే మరదలు లేదు. ఆమె షెడ్డులోకి వెళ్ళింది. రెండువేల మొక్కల కోసం కాదు, అవి పోయినట్టేనని ఆమెకీ తెలుసు. మూలనున్న తల్లిమొక్కల కోసం. కన్నులు తీసేది వాటినుంచే. నర్సరీ పెట్టకముందు నుంచీ, పన్నెండేళ్ళుగా పెంచుతోంది. నెత్తిన ప్లాస్టిక్ తొట్టి బోర్లించుకుని, ఒకసారి వెళ్ళి నాలుగు కుండీలు తెచ్చింది. రెండోసారి వెళ్ళి ఇంకో నాలుగు తెచ్చింది. మూడోసారి కప్పులోంచి ఒక అద్దం పలక నిలువుగా జారి, కుండీని పట్టుకున్న కుడిచేతి మీద పడింది.

"నేను కేకేస్తూనే ఉన్నా. ఆ మోతలో నాకే వినబడలేదు" అన్నాడు తమ్ముడు.

డాక్టరు బయటికొచ్చి, బొటనవేలినీ చూపుడువేలినీ ఆడించే నరాల్లాంటి తాళ్ళు రెండూ తెగాయని, కలిపి కుట్టామని చెప్పాడు. "మళ్ళీ వంగుతాయా?" అని అడిగింది లెక్కలక్క.

"కొందరికి బాగానే వంగుతాయి. కొందరికి సగం. కొందరికి ఇంకా తక్కువ. చూడాలి."

ఎందరిలో ఎందరికి అన్న ప్రశ్న ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసుకుంది. అలాంటి జవాబుతో మనిషి ఏం చేసుకుంటాడో, అది చెవిన పడ్డాక ఎలా ఉంటుందో, ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆమెకి తెలిసింది.

వారం తరువాత కార్యాలయంలో పెద్దాయన, అంటే ఆ విభాగం అధికారి, ఆమెను తన గదికి పిలిచాడు. మంచివాడు. ఆమె కోసం టీ తెప్పించి, తెర తిప్పి ఒక గ్రాఫు చూపించాడు; చెప్పిన అంకె, జరిగిన అంకె ఒకటైతే చుక్క గీత మీద పడుతుంది. ఏడాదంతా వాళ్ళు ఎనిమిది శాతం అని చెప్పిన రోజులన్నిటినీ ఒకచోట పోశాడు. అలాంటివి నూటపదమూడు. వాటిలో నిజంగా పడ్డవి తొమ్మిది.

"చుక్క సరిగ్గా గీత మీదుంది చూడమ్మా. ఆ మంగళవారం లేకపోతే కొంచెం కిందికుండేది. నీ మోడల్లో తప్పేం లేదు. నువ్వు మనసు కష్టపెట్టుకోకు."

ఆమె ఆ చుక్కవైపు చూసింది. నూటపదమూడు రోజులు ఒక చిన్న నల్లచుక్కలో ఉన్నాయి. తన లెక్క సరైనదని నిరూపించడానికి ఆ తొమ్మిదో రోజు అవసరమైంది. ఆయన ఓదార్చడానికే చెప్పాడని తెలుసు. "అవునండీ" అని టీ తాగి, తన సీటుకొచ్చి, ఆ పూట చేయాల్సిన పని చేసింది.

ఆదివారం నర్సరీకి వెళ్ళింది. పనివాళ్ళు ఇద్దరే మిగిలారు, ముగ్గుర్ని తమ్ముడు పంపించేశాడు. షెడ్డు ఇనప చట్రం అలాగే నిలబడి ఉంది, దాని కింద పారలతో గాజు ఎత్తుతున్నారు. పార్కువాళ్ళు వేరే ఎవరికో చెప్పుకున్నారు. తమ్ముడు ఆమెను చూసి పార పక్కన పెట్టాడు.

"నన్ను నాలుగు తిట్టరా" అంది ఆమె. "తిడితే నాకు కాస్త బాగుంటుంది."

వాడు చేతులు దులుపుకున్నాడు. "నువ్వు తప్పు చెప్పుంటే తిట్టేవాణ్ణక్కా. తప్పు చెప్పలేదు కదా. నేనూ రాత్రంతా వేసి చూశా ఆ లెక్క. ఎన్నిసార్లు వేసినా కదపకు అనే వస్తోంది. ఇప్పుడు ఎవర్ని పట్టుకుని ఏడవాలో నాకూ తెలీడం లేదు."

ఇంటికొచ్చి ఆమె నోటుపుస్తకం తీసింది. ఆ మంగళవారం పొద్దుటి లెక్కలో మొక్కలున్నాయి, మోతలో ఊడేవి ఉన్నాయి, వడగళ్ళ ముప్పు ఉంది. మరదలు లోపలికి పరిగెడుతుందన్న వరస లేదు. సరే, ఇప్పుడు రాద్దాం. ఒక చెయ్యి. దాని ఎదురుగా ఏ అంకె వెయ్యాలి? చిన్నది వేస్తే కదపకు అని వచ్చింది. పెద్దది వేస్తే కదుపు అని వచ్చింది. ఇంకా పెద్దది వేస్తే అసలు అద్దాల షెడ్డే కట్టొద్దని వచ్చింది. మరో సున్నా చేరిస్తే నర్సరీయే పెట్టొద్దంది. తనకి ఏ జవాబు కావాలో ఆ జవాబుకి సరిపడే అంకె దొరుకుతూనే ఉంది. పదహారు పేజీలు అలా నింపి, పెన్సిలు మొన అరిగిపోయాక, పుస్తకం మూసేసి దాని మీద తల వాల్చి కూర్చుంది.

ఆ తరువాత తమ్ముడు చట్రానికి ప్లాస్టిక్ పట్టా కప్పాడు. రోజూ పొద్దున ఎనిమిదికి ఫోను చేయడం మొదలుపెట్టాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"ఇవాళ ఎంత?"

"రెండు."

"సరే."

రెండైనా మోయించేవాడు. ఒకటైనా మోయించేవాడు. ఉన్న ఇద్దరు పనివాళ్ళతో తనూ కలిసి, డబ్బిచ్చి కట్టించిన కొత్త అంటుల్ని గోదాములోకి, మళ్ళీ బయటికి. ఎండ చాలక, కుదుపుకి తట్టుకోలేక మొక్కలు పాలిపోయాయి. అలా గడిచిన మూడు నెలల్లో వడగళ్ళు ఒక్కసారీ పడలేదు. "ఒరేయ్, ఇలా అయితే మోతలకే సగం పోతాయిరా" అని ఆమె ఒకరోజు అంది.

"తెలుసు" అన్నాడు. "నువ్వు సున్నా అని చెప్పు, మానేస్తా."

సున్నా ఆమె చెప్పలేకపోయింది. ఆ కాలంలో యాభైలో ఒకటో రెండో ఎప్పుడూ అటు తిరిగే ఉంటాయి. సున్నా అని అబద్ధం చెబుదామని ఒక పొద్దున నిజంగానే అనుకుంది. నోరు తెరిచింది కూడా. "ఒకటి" అంది.

మరదలి వేళ్ళు కట్లు విప్పాక సగం కూడా వంగలేదు. రోజూ ఆసుపత్రికి వెళ్ళి మెత్తటి బంతిని పిసికి వస్తోంది. గ్లాసు పట్టుకుంటుంది, తలుపు గడియ తీస్తుంది. కత్తి మాత్రం నిలవదు. మేలురకాల తల్లిమొక్కలు ఎనిమిది కుండీల్లో చిగుర్లు వేసి కూర్చున్నాయి, కన్నులు తీసి కట్టేందుకు చెయ్యి లేదు. డబ్బిచ్చి పిలిపించిన మనిషి కట్టినవి సగానికి సగం ఎండిపోయాయి.

అందుకని లెక్కలక్క సెలవు రోజుల్లో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. మరదలు పక్కన స్టూలేసుకుని చెప్పేది.

"గాటు అంత లోతు వద్దు వదినా. బెరడే తెగాలి, చెక్క తగలకూడదు."

"ఎంత లోతు?"

"ఎంత అంటే..." మరదలు ఆలోచించింది. "అది చేతికి తెలుస్తుంది వదినా. ఎలా చెప్పను?"

మొదటి ఆదివారం ముప్ఫై కట్టింది. ఆరు బతికాయి. రెండో వారం ముప్ఫైకి అయిదు. మూడో వారం కన్నులన్నీ నల్లబడి రాలిపోయాయి. ఎందుకో ఇద్దరికీ అంతు చిక్కలేదు.

నాలుగో ఆదివారం ఆమె కట్టిన పట్టీలను మరదలు ఒక్కొక్కటే ఎడంచేత్తో విప్పి చూసింది. బల్ల మీద కత్తి తీసుకుని, ఎడంచేతిలో పట్టుకుని, ఒక కొమ్మను మోకాళ్ళ మధ్య బిగించి గాటు పెట్టబోయింది. కత్తి పక్కకి జారి కొమ్మ నిలువునా చీలింది. ఇంకోటి తీసుకుంది. అదీ చీలింది. కుడిచెయ్యి సాయం పట్టబోతే వేళ్ళు కొమ్మ చుట్టూ మూసుకోలేదు, తెరిచిన గుప్పిటలాగే ఉండిపోయాయి.

లెక్కలక్క చూపు తిప్పుకోలేకపోయింది. "ఆ రోజు పొద్దున నేను ఫోను నీకు చేసుండాల్సింది" అంది చివరికి. "షెడ్డులోకి మాత్రం వెళ్ళకు అని చెప్పుండాల్సింది."

మరదలు కత్తిని బల్ల మీద పెట్టేసింది. "చెప్పినా వెళ్ళేదాన్ని వదినా" అంది. కోపం లేదు ఆ గొంతులో. "మీరు నూటికి నూరూ పడతాయన్నా వెళ్ళేదాన్నే. ఆ మొక్కలు నావి."

గోదాము వైపు నుంచి తమ్ముడూ పనివాళ్ళూ ట్రేలు మోసుకొస్తున్న అడుగుల చప్పుడు వినబడుతోంది. ఒకడు వెనక్కి నడుస్తూ "మెల్లగా, మెల్లగా" అంటున్నాడు.

మరదలు చీలిన కొమ్మల్ని ఎడంచేత్తో ఒక పక్కకి నెట్టి బల్ల తుడిచింది. "ఇంకో పది కొమ్మలు కోసుకు రండి" అంది. "పెన్సిలంత లావుండాలి. ముదురువి వద్దు."

లెక్కలక్క కత్తెర తీసుకుని బయటికి నడిచింది.